మన బిడ్డకు టీకా, పొరుగు బిడ్డకు కాపుదల



“మా బిడ్డకు సూది వేయించాలో వద్దో మా ఇష్టం కదండీ ఫాదర్‌గారూ! పొరపాటయితే కష్టపడేది మా బిడ్డే కదా?” అని అడిగేవారు మన విచారణల్లో అక్కడక్కడా ఉన్నారు. అడిగేవారు చెడ్డవారేమీ కారు. ఆదివారం పూజకు తప్పకుండా వచ్చేవారు, సాయంత్రం జపమాల చెప్పుకునేవారు, బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే తెల్లవార్లూ మేలుకుని కూర్చునేవారు. కనుక ఆ ప్రశ్నను కసిరి పంపడం న్యాయం కాదు. తల్లిదండ్రుల ఇష్టం ఎంతదాకా వెళుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది నిజంగానే ఆలోచించవలసిన విషయం. ఈ వారం తట్టు జబ్బును ముందు పెట్టుకుని దానిని ఆలోచిద్దాం. ఈ ప్రశ్నను తట్టు పరీక్షించినంత గట్టిగా మరో జబ్బు పరీక్షించదు.

ఒక పని మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పే ముందు అసలు ఆ పని ఏమిటో తెలుసుకోవాలని గురువిద్యాలయంలో మాకు మొట్టమొదట నేర్పుతారు. అందువల్ల ముందు జబ్బు సంగతి చెప్పుకుందాం.

తట్టు అనీ, పొంగు అనీ, తట్టమ్మ అనీ దీనిని మన ఊళ్లలో పిలుస్తారు. ఆటలమ్మ వేరు, ఇది వేరు. ఆటలమ్మలో నీటి పొక్కులు లేస్తాయి. తట్టులో మొదట మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, పొడి దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి నీరు కారడం ఉంటాయి. ఆ రోజుల్లో బిడ్డ నోరు తెరిపించి చూస్తే బుగ్గల లోపలి వైపు ఉప్పు రవ్వల వంటి తెల్లటి చుక్కలు కనిపించవచ్చు. ఆ తరువాత చెవుల వెనుక, నుదుటి మీద ఎర్రటి దద్దుర్లు మొదలై ముఖం, మెడ, పొట్ట, కాళ్ల వరకు దిగుతాయి. చాలామంది పిల్లలు వారం పది రోజుల్లో కోలుకుంటారు. కొందరు కోలుకోరు. న్యుమోనియా, విడవని విరేచనాలు, చెవిలో చీము, వెయ్యిమందిలో ఒకరికి మెదడువాపు వస్తాయి. ఏ విటమిన్ చాలని బిడ్డకయితే చూపు పోవచ్చు. పైగా ఈ జబ్బు ఒంట్లో అంతకుముందు కూడిన రోగనిరోధక శక్తిని కొంత తుడిచిపెట్టి పోతుంది. తట్టు తగ్గిన బిడ్డ ఆ తరువాత నెలల తరబడి వేరే జబ్బులతో తీసుకుంటూ ఉండడానికి కారణం అదేనని 2019లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. “తట్టు తగ్గింది గానీ బిడ్డ తేరుకోలేదు” అని మన అమ్మమ్మలు అనేవారు కదా. వారు చూసి చెప్పినది నిజమే.

మన ప్రశ్నకు ఆయువుపట్టు ఇది: తట్టు గాలిలో వెళుతుంది. జబ్బు బిడ్డ దగ్గి వెళ్లిపోయిన గదిలో రెండు గంటల వరకు ఆ క్రిమి గాలిలో నిలిచి ఉండగలదు. రక్షణ లేనివారు పదిమంది ఆ గాలి పీలిస్తే తొమ్మిదిమందికి అంటుతుంది. దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే బిడ్డ ఇతరులకు అంటిస్తూ ఉంటాడు. అంటే, ఇది తట్టు అని తల్లికి తెలిసేసరికే ఆ బిడ్డ అంగన్‌వాడీకి వెళ్లాడు, బస్సెక్కాడు, గుడిలో వెనుక చాప మీద కూర్చుని ముందున్న పాప జడ లాగాడు.

ఇది ఎలా పాకుతుందో లోకానికి మొదట వివరంగా చెప్పినవాడు పీటర్ పానమ్ అనే పాతికేళ్ల డెన్మార్క్ వైద్యుడు. 1846లో ఫారో దీవులకు కోపెన్‌హాగన్ నుంచి కొయ్యసామాను చేసే పనివాడొకడు ఓడలో వచ్చాడు. దిగిన కొద్ది రోజులకే తట్టుతో పడిపోయాడు. ఆ దీవుల్లో ఉన్న సుమారు 7,800 మందిలో 6,000 మందికి పైగా ఆ కొద్ది నెలల్లోనే మంచం పట్టారు. ప్రభుత్వం పంపగా వెళ్లిన పానమ్ పడవల్లో దీవి నుంచి దీవికి తిరిగి, ఎవరు ఏ రోజున ఎవరిని కలిశారో, ఎన్ని రోజులకు దద్దుర్లు లేచాయో రాసుకున్నాడు. కలిసిన నాటి నుంచి దద్దురు లేవడానికి పదమూడు పద్నాలుగు రోజులు పడుతుందని తేల్చాడు. అంతకన్నా ముఖ్యమైనది ఒకటి గమనించాడు. అంతకు ముందు ఆ దీవులకు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు పిల్లలుగా దానిని అనుభవించి, అరవై అయిదేళ్ల తరువాత ఇంకా బ్రతికి ఉన్న ముసలివారిలో ఒక్కరికి కూడా రెండోసారి రాలేదు. ఒకసారి వస్తే జీవితమంతా రక్షణ. ఆ రక్షణను జబ్బు పడకుండానే ఇవ్వగలమా అన్న ఆలోచన ఫలించి, అమెరికాలో జాన్ ఎండర్స్ బృందం తయారుచేసిన టీకా 1963లో వాడుకలోకి వచ్చింది. మన దేశంలో తట్టు టీకా ప్రభుత్వ కార్యక్రమంలో చేరింది 1985లో. రెండో డోసు 2010 నుంచి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ తట్టు–రుబెల్లా టీకా వేశారు, మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇప్పుడు ఆ జంట టీకానే తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య ఒకసారి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య మరొకసారి కుడి భుజానికి వేస్తున్నారు. తొమ్మిదో నెలలో వేసిన మొదటి డోసుతో నూటికి సుమారు 85 మందికే రక్షణ కుదురుతుంది. అందుకే రెండోది. “ఒకటి వేయించాం కదా” అని ఊరుకునేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

మరి తొమ్మిది నెలలు నిండని బిడ్డ సంగతి? తల్లి గర్భంలో ఉండగా తల్లి నుంచి కొంత రక్షణ బిడ్డకు వస్తుంది. అది నెలనెలా తరిగిపోతుంది. తల్లి ఇచ్చినది తరిగి, టీకా ఇచ్చేది ఇంకా రాని ఆ నెలల్లో బిడ్డ ఉత్త చేతులతో నిలబడి ఉంటుంది. క్యాన్సరు మందులు వాడుతున్న పిల్లవాడి స్థితి కూడా అదే, అతనికి ఈ టీకా వేయకూడదు. వీరికి కవచం ఏది? చుట్టూ ఉన్నవారి ఒంట్లోని రక్షణ ఒక్కటే. ఊరిలో నూటికి 95 మందికి రెండు డోసులూ పడితే క్రిమికి దారి దొరకదు, ఆ పసిబిడ్డ దాకా అది రాలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. “కష్టపడేది మా బిడ్డే కదా” అన్న మాట నిలవదని మీరే గ్రహించి ఉంటారు. మీ బిడ్డకు నాలుగేళ్లు, కండపుష్టి ఉంది, తట్టు వచ్చినా తట్టుకుంటాడనే అనుకుందాం. పక్కింట్లో ఏడు నెలల పాప ఉంది. మీ వాకిట్లో తీసుకున్న నిర్ణయం ఆ ఇంటి ఉయ్యాల దగ్గరకు చేరుతుంది. ఆ పాప తల్లిని మీరు అడగలేదు. ఆమెకు తెలియను కూడా తెలియదు.

“నేనేమీ చేయలేదే!” అనవచ్చు. “నేను ఆ పాపను కొట్టానా, తిట్టానా? సూది వేయించలేదు, అంతే.” ఇక్కడే పునీత తోమాసు అక్వినాసు చెప్పిన ఒక ఉదాహరణ మనకు అక్కరకు వస్తుంది. నావ మునిగింది. ముంచినది గాలీ అలా. అయినా చుక్కాని పట్టవలసినవాడు దానిని వదిలి కూర్చుంటే నావ మునగడానికి అతడే కారణమని అంటాం. అతడు ఏమీ చేయలేదు, నిజమే. ఆ చేయకపోవడమే కారణం అయింది. అయితే దీనికి ఆ మహానుభావుడు రెండు షరతులు పెట్టాడు. అతడు చుక్కాని పట్టగలిగి ఉండాలి, పట్టవలసిన బాధ్యత అతనిదై ఉండాలి. ఒడ్డున నిలబడి చూసేవాని మీద నేరం మోపలేం. కాళ్లూ చేతులూ కట్టేసిన సరంగు మీదా మోపలేం.

ఈ రెండు షరతులూ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అవి కఠినంగానూ ఉన్నాయి, దయగానూ ఉన్నాయి. నడిచి వెళ్లే దూరంలో ఉపకేంద్రం ఉంది, టీకా ఉచితం, ఆశా కార్యకర్త రెండుసార్లు ఇంటికి వచ్చి చెప్పింది. అయినా “చూద్దాంలే” అన్న తండ్రి చుక్కాని వదిలిన సరంగే. నెలల తరబడి ఏఎన్ఎమ్ ఎక్కిరాని కొండ మీది గూడెంలో ఉన్న తల్లి మాట వేరు. ఆమె చేయలేకపోయింది. అక్కడ బాధ్యత ఆమెను దాటి పైకి వెళుతుంది, పంపవలసినవారి దగ్గరకు.

ఇంకో వాదన కొంచెం తెలివైనది. “ఊరంతా వేయించుకున్నారుగా, మా ఒక్కడితో ఏం పోతుంది?” చెరువు గట్టుకు ఇంటికి పది తట్టల మట్టి చొప్పున వేయాలని ఊరు తీర్మానించుకుందనుకోండి. ఒకడు వేయడు. అయినా తన మడికి నీరు పారించుకుంటాడు. ఒక్కడితో గట్టు తెగదు, నిజమే. కానీ అలా అనుకునేవారు చెదురుమదురుగా ఉండరు. ఒకే బంధువర్గంలో, ఒకే వీధిలో, ఒకరి మాట ఒకరు విని ఒకచోటే పోగవుతారు. గట్టు అక్కడే తెగుతుంది. అమెరికాలో తట్టు నిర్మూలన అయిందని 2000లో ప్రకటించారు. 2025లో టెక్సాస్ రాష్ట్రంలో టీకాలు తగ్గిపోయిన ఒక ప్రాంతంలో అది అంటుకుని ఇద్దరు బడిపిల్లలు చనిపోయారు. మన దగ్గర 2022 చివర ముంబయిలో గోవండి వంటి ఇరుకు వాడల్లో పసివాళ్లు పోయారు. కోవిడ్ రోజుల్లో డోసులు తప్పిన పిల్లలు అక్కడ పోగుపడ్డారు.

భయం గురించి కూడా మాట్లాడాలి. టీకా అంటే భయపడేవారిని మూఢులని తీసిపారేయడం మన పత్రికల్లో, ఒక్కొక్కసారి మన ప్రసంగ పీఠాల మీద కూడా, అలవాటైంది. భయానికి ఒక్కొక్కసారి కారణం ఉంటుంది. సమోవా కథ వినండి.

సమోవా పసిఫిక్ సముద్రంలో రెండు లక్షల జనం ఉన్న చిన్న దేశం. దాదాపు అందరూ క్రైస్తవులే, ప్రతి పల్లెలో గుడి ఉంటుంది. 2018 జులైలో అక్కడి సవాయి దీవిలో ఏడాది వయసు పిల్లలు ఇద్దరు తట్టు టీకా వేయించుకున్న కొద్దిసేపటికే చనిపోయారు. టీకా ఎండబెట్టిన పొడి రూపంలో వస్తుంది, దానికోసం ఇచ్చిన నీటిని అందులో కలిపి వేయాలి. ఆ నీటికి బదులు శస్త్రచికిత్సలో మత్తుకు వాడే మందును, అదీ గడువు తీరినదానిని, నర్సులు కలిపారు. టీకాలో దోషం లేదు, కలిపిన చేతిలో ఉంది. ఆ ఇద్దరు నర్సులకు 2019లో అయిదేళ్ల చొప్పున శిక్ష పడింది. కానీ కారణం తేలేలోపు ప్రభుత్వం నెలల తరబడి టీకా ఆపివేసింది. తిరిగి మొదలుపెట్టినా తల్లులు రాలేదు. ఎలా వస్తారు? రెండు చిన్న శవపేటికలు దేశమంతా చూసింది. 2018లో అక్కడి పిల్లల్లో మొదటి డోసు పడినవారు మూడోవంతుకు కూడా చేరలేదు.

2019 శరత్కాలంలో తట్టు ఆ దీవులకు చేరింది. రెండు లక్షల మందిలో 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు. 83 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు అయిదేళ్ల లోపు పిల్లలు. నవంబరులో అత్యవసర పరిస్థితి ప్రకటించారు, బడులు మూసివేశారు. డిసెంబరు 5, 6 తేదీల్లో దేశాన్నే రెండు రోజులు ఆపి, టీకా పడనివారు ఉన్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమని చెప్పి, నర్సుల బృందాలను ఇంటింటికీ పంపారు. ఆ రెండు రోజుల్లో అక్కడి వీధుల ఫోటోలు లోకమంతా చూసింది. కొబ్బరిచెట్టుకు, గుమ్మానికి, కంచెకు గాలికి ఊగుతున్న ఎర్రటి గుడ్డముక్కలు.

ఇద్దరు ఒకవైపు, ఎనభై ముగ్గురు మరొకవైపు. లెక్క చెప్పి ఊరుకుంటే మాత్రం న్యాయం జరగదు. ఆ ఇద్దరి తల్లులకు ఎనభై మూడు అన్న అంకె ఓదార్పు కాదు. నేను ఇక్కడ గమనించమనేది మనసు నడిచే తీరు. చేతితో చేసిన కీడు కంటికి కనిపిస్తుంది. చేయక జరిగిన కీడు కనిపించదు. సూది తరువాత బిడ్డకు జ్వరం వస్తే సూది వల్లనే అంటాం. సూది లేక ఆరు నెలల తరువాత వచ్చిన జబ్బును విధి అంటాం. రెండో దానిలో మన చేయి లేదని మనసు తనకు తాను చెప్పుకుంటుంది. చుక్కాని మాట ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకోండి.

భయాన్ని పోగొట్టేది నిజమే గనుక ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఈ టీకా తరువాత వారం పది రోజులకు కొందరు పిల్లలకు జ్వరం, పలుచగా దద్దుర్లు వస్తాయి. కొన్ని వేలమందిలో ఒకరికి ఆ జ్వరంతో ఫిట్స్ వస్తాయి, భయపెడతాయి గానీ సాధారణంగా హాని మిగల్చవు. గట్టి ఎలర్జీ దాదాపు పది లక్షల డోసులకు ఒకటి. దానికోసమే సూది తరువాత అరగంట అక్కడే కూర్చోమంటారు. బస్సు వెళ్లిపోతుందని లేచి రాకండి. టీకా కలిపిన సీసాను నాలుగు గంటలు దాటితే వాడకూడదు. ఎప్పుడు కలిపారని ఏఎన్ఎమ్‌ను అడిగే హక్కు మీకుంది. అడిగితే కోపగించుకోని ఏఎన్ఎమ్‌లే ఎక్కువమంది. ఇక ఈ టీకాతో పిల్లలకు ఆటిజం వస్తుందన్న ప్రచారం సంగతి. అది 1998లో లండన్‌లో ఒక డాక్టరు కేవలం పన్నెండుమంది పిల్లలను చూపి రాసిన వ్యాసంతో పుట్టింది. ఆ పత్రికే 2010లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, ఆయన పేరును వైద్యుల పట్టిక నుంచి తొలగించారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి 2019లో అటువంటి సంబంధమేమీ లేదని తేల్చారు. ఇవేవీ మన వాట్సాప్‌లలో తిరగవు. తిరిగేది మొదటిదే.

కతోలికులమైన మనలను వేధించే ప్రశ్న మరొకటి ఉంది. దానిని ఎవరో అడిగేదాకా దాచడం నాకు ఇష్టం లేదు. తట్టుతో కలిపి ఇచ్చే రుబెల్లా టీకా క్రిమిని ప్రయోగశాలలో మానవ కణాల మీద పెంచుతారు. ఆ కణాలు 1960లలో గర్భస్రావం చేయబడిన శిశువుల నుంచి తీసినవి. అప్పటి కణాలే విభజన చెందుతూ నేటికీ వస్తున్నాయి, కొత్తగా ఏ శిశువునుంచీ తీయడం లేదు. అయినా మొదట జరిగినది పాపమే. గర్భస్రావాన్ని ఖండించే మనం ఆ టీకాను బిడ్డకు ఎలా వేయిస్తాం?

ఒక ఊరిని ఊహించుకోండి. అరవై ఏళ్ల క్రితం ఒక పెత్తందారు పేదవాని భూమి లాక్కుని అందులో బావి తవ్వించాడు. ఆ అన్యాయం ఎవరూ కాదనలేనిది. నేడు ఊరిలో మంచినీరు ఉన్నది ఆ ఒక్క బావిలోనే. దాహంతో ఏడుస్తున్న బిడ్డకు ఆ నీరు తాగించిన తల్లి నాటి కబ్జాను మెచ్చుకున్నట్లా? కాదు. ఆమెకు ఆ పాపంతో ఉన్న సంబంధం చాలా దూరపుది, ఆమె మనసు దానికి ఒప్పుకోలేదు. అలాగని ఊరు నోరు మూసుకోవడమూ తగదు. వేరే బావి తవ్వించమని అడుగుతూనే ఉండాలి. శ్రీసభ తీర్పు ఈ దారిలోనే నడిచింది. ప్రాణ పరిరక్షణ కోసం ఉన్న పరిశుద్ధ సింహాసనపు విద్వత్సభ 2005లో ఈ విషయాన్ని పరిశీలించి, వేరే టీకా లేనప్పుడు పిల్లలను, గర్భిణులను కాపాడడానికి దీనిని వాడవచ్చని, నిర్దోషమైన టీకాల కోసం అడగడం మన బాధ్యత అని చెప్పింది. 2017లో ఇంకా స్పష్టంగా, నిర్మలమైన మనస్సాక్షితో వాడవచ్చని చెప్పింది. విశ్వాస సిద్ధాంత సభ 2020 డిసెంబరులో కోవిడ్ టీకాల సందర్భంగా ఇదే మార్గాన్ని చూపింది.

రుబెల్లా విషయంలో ఇంకొకటి తోడు చూసుకోవాలి. ఆ జబ్బు బిడ్డకు చిన్నదే, రెండు మూడు రోజుల దద్దురు. అదే నెల తప్పిన కొత్తల్లో ఉన్న స్త్రీకి అంటితే కడుపులోని శిశువు చనిపోవచ్చు, లేదా చూపు, వినికిడి, గుండె దెబ్బతిని పుట్టవచ్చు. 1964–65లో అమెరికాలో ఆ జబ్బు ప్రబలినప్పుడు సుమారు 20,000 మంది పిల్లలు అలా పుట్టారు. గర్భంలోని ప్రాణం పట్ల మనకున్న గౌరవం నిజమైనదైతే, పక్కింటి గర్భిణికి రుబెల్లా అంటకుండా చూడడం కూడా ఆ గౌరవంలోనిదే.

“దేవుడు రాసిపెట్టినది తప్పుతుందా?” అనేవారితో రెండు మాటలు. మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో శోధకుడు యేసుప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు పట్టుకుంటారు గనుక దూకమంటాడు. ప్రభువు దూకలేదు. తండ్రి మీద ఆయనకు నమ్మకం తక్కువై కాదు. మెట్లు ఉండగా దూకి తండ్రిని పరీక్షకు పెట్టడం నమ్మకం అనిపించుకోదు. వైద్యుని గౌరవించమనీ, భూమినుంచి ఔషధాలను పుట్టించినవాడు దేవుడేననీ సీరా జ్ఞానగ్రంథం ముప్పై ఎనిమిదో అధ్యాయం బోధిస్తుంది. ఆ పుస్తకం మన బైబులులో ఉన్నది, తీసి చదవండి.

తట్టు వస్తే “అమ్మవారు పోసింది” అని మందు మాన్పించే అలవాటు మన క్రైస్తవ ఇళ్లలోనూ పూర్తిగా పోలేదు. గుమ్మానికి వేపమండ కడితే నష్టం లేదు. బయటివారు లోపలికి రాకుండా ఆపడానికి పూర్వులు పెట్టిన గురుతు అది, ఆ మేరకు తెలివైన పనే. నష్టం పథ్యం దగ్గర వస్తుంది. గుడ్డు వద్దు, పాలు వద్దు, చారన్నమే అంటూ బిడ్డను ఎండగడతారు. ఆ రోజుల్లో బిడ్డకు తిండి, తల్లిపాలు, నీరు మామూలు కంటే ఎక్కువ కావాలి. తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ డాక్టరు రెండు రోజులు వరుసగా ఏ విటమిన్ ఇస్తారు, అది కళ్లను, ప్రాణాన్ని కాపాడుతుంది. అలాగని ఆ విటమిను టీకాకు బదులు కాదు. ఊపిరి వేగంగా ఆడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, బిడ్డ తాగడం మానినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

మరి వేయించనివారిని బలవంతం చేయాలా? సమోవాలో చట్టం చేశారు. నాకు బలవంతం మీద నమ్మకం తక్కువ. టీకా సాధారణంగా స్వచ్ఛందంగా ఉండాలని 2020లో విశ్వాస సిద్ధాంత సభ కూడా చెప్పింది, అదే వాక్యాల్లో ఉమ్మడి మేలు మరచిపోవద్దని కూడా చెప్పింది. పైగా మన దగ్గర డోసు తప్పుతున్నవారిలో మొండివారికన్నా పనికి పోక గడవనివారు ఎక్కువ. సూది వేయిస్తే బిడ్డకు జ్వరం వస్తుంది, తల్లి రెండు రోజులు మిరపకోతకు పోలేదు, ఆ రెండు రోజుల కూలి పోతుంది. ఆమెకు నీతి బోధించే ముందు, ఆ పొలం యజమాని మన గుడిలో ముందు వరుసలో కూర్చునేవాడైతే, ఆ ఒక్కరోజు కూలి ఇచ్చి పంపమని అతనికి చెప్పాలి. ఇటుక బట్టీల్లో పనిచేయడానికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల పేర్లు ఇక్కడి రిజిస్టరులో ఉండవు, అక్కడి రిజిస్టరులో ఉన్నా మనుషులు ఉండరు. మన యువజనులు, మఠకన్యలు ఒక సాయంత్రం బట్టీ దగ్గరకు వెళ్లి పిల్లల పేర్లు, వయసులు రాసి ఆశా కార్యకర్త చేతిలో పెడితే చాలు. జ్ఞానస్నానానికి పేరు రాయించుకునేటప్పుడు ఉపదేశిగారు టీకా కార్డు కూడా చూడమని అడిగితే మంచిదని నా అభిప్రాయం. కార్డు లేదని జ్ఞానస్నానం ఆపమని కాదు. జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి ఉన్నారు కదా, తొమ్మిదో నెలలో ఒకసారి, పదహారో నెలలో ఒకసారి గుర్తుచేసే పని వారికి అప్పగించవచ్చు.

కార్డు పోయినవారు ఊరుకోవద్దు. ఏఎన్ఎమ్ దగ్గర ఉన్న రిజిస్టరులో చూస్తారు. తప్పిన డోసును అయిదేళ్లు నిండేవరకు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేస్తారు. బిడ్డకు జ్వరంతో దద్దుర్లు కనిపిస్తే, అది తట్టు కాదని డాక్టరు చెప్పేవరకు, లేదా దద్దుర్లు లేచి నాలుగు రోజులు దాటేవరకు, బడికీ గుడికీ తీసుకురాకండి. జబ్బు బిడ్డ దగ్గర ఉండిపోయిన తల్లికి ఆదివారం పూజ తప్పిన దోషం లేదు. దివ్యసత్ప్రసాదం కావాలంటే ఉపదేశిగారితో కబురు పంపండి, మేమే ఇంటికి తీసుకువస్తాం.